తాళవృక్షం – చలికాలం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రతి చెట్టుకూ పుట్టిన నేల ఒకటి, ఓర్చుకోగల వాతావరణం ఒకటి ఉంటాయి. ఉష్ణమండలంలో పుట్టిన తాళజాతి వృక్షాలను చలి పడే ప్రదేశాలలో ఆరుబయట పెంచవచ్చునా? పెంచవచ్చునంటే ఎంతవరకు, ఏ జాగ్రత్తలతో? ఈ విషయాన్ని శాస్త్రదృష్టితో వివరించి, చెట్టు స్వభావం తెలిసి పెంచే అలవాటును విద్యార్థులలో కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ప్రక్రియ

ఇది వ్యాసప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని ఎంచుకొని, దానిని క్రమపద్ధతిలో సోదాహరణంగా వివరించడం వ్యాసలక్షణం. ఇందులో వృక్షశాస్త్ర విషయాలు, తెలుగు నేలకు చెందిన అనుభవాలు కలిసి సాగుతాయి.

పాఠ్యభాగం

శ్రీహరికోట అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది ఆకాశంలోకి దూసుకుపోయే రాకెట్టు. బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ, చెన్నైకి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఈ దీవి ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో భాగమైంది. సూళ్ళూరుపేట నుండి సరస్సు మీదుగా వేసిన రహదారి దీవిని చేరుస్తుంది. రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం 1969లో ఈ స్థలాన్ని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. 2002లో ఈ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు.

రాకెట్లు రాకముందు ఈ దీవి అడవికి ప్రసిద్ధి. ఇసుక నేలలో పెరిగే సతతహరిత పొద అడవి ఇక్కడ ఉంది. యానాదులు తరతరాలుగా ఈ అడవి ఇచ్చే ఫలసాయంతో, చేపల వేటతో జీవించారు. ఇక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీదుగా పడవలలో మద్రాసు నగరానికి చేరేది. ఆ అడవిలోను, దాని అంచులలోను తాళజాతికి చెందిన చెట్లు కనిపిస్తాయి. నిటారుగా నిలిచిన తాడి, బొంగరంలాంటి తలతో ఈత, పొట్టిగా ఉండే చిట్టీత, ఇతర చెట్లను పట్టుకొని పాకే పేము – ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఆకారంలో ఒకదానికొకటి పోలికలేని ఈ నాలుగూ బంధువులంటే మొదట నమ్మడం కష్టం.

శ్రీహరికోటలో ఈ చెట్లకు చలిభయం లేదు. సముద్రజలం నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లబడుతుంది. అందువల్ల తీరప్రాంతంలో పగటికీ రాత్రికీ, వేసవికీ శీతకాలానికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా తక్కువ. పుష్యమాసపు రాత్రులలో కూడా ఇక్కడి ఉష్ణోగ్రత సాధారణంగా ఇరవై డిగ్రీల సెల్సియస్ దరిదాపులలోనే నిలుస్తుంది. ఈ దీవిలో తాటిచెట్టుకు గోనెపట్టా కప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అయితే ఇదే తీరం నుండి ఒక కొబ్బరి మొలకనో, ఒక తాటి టెంకనో తీసుకువెళ్ళి చలి వణికించే మరొక చోట నాటితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందు తాళవృక్షపు నిర్మాణాన్ని తెలుసుకోవాలి.

తృణరాజు

సంస్కృత నిఘంటువైన అమరకోశం తాటిచెట్టును 'తృణరాజు' అని పేర్కొన్నది. తృణమంటే గడ్డి. ఆకాశాన్ని అంటే చెట్టును గడ్డిజాతికి రాజుగా చెప్పడం వింతగా తోచవచ్చు. కాని ఆధునిక వృక్షశాస్త్రం కూడా తాళవృక్షాలను వరి, గడ్డి, వెదురు చేరే ఏకదళబీజాల వర్గంలోనే చేర్చింది. మామిడి, వేప, చింత వంటి చెట్లు ద్విదళబీజాలు. ఈ రెండు వర్గాలకూ కాండం నిర్మాణంలో పెద్ద భేదం ఉంది.

వేపచెట్టు బెరడు కింద నిరంతరం కొత్త కణాలను పుట్టించే ఒక పొర ఉంటుంది. దానివల్ల మాను ఏటేటా లావెక్కుతుంది. గాయమైతే ఆ పొర కొత్త కణజాలాన్ని పెంచి గాయాన్ని మూసివేస్తుంది. కొమ్మ నరికితే పక్కనుండి మరొక చిగురు వస్తుంది. తాళవృక్షానికి ఈ పొర లేదు. తాడి గాని కొబ్బరి గాని చిన్నతనంలోనే మొదలును లావుగా పెంచుకొని, ఆ తరువాత పైకి సాగుతుంది. దాని మానుకు తగిలిన గాయం ఎన్నటికీ పూడదు. గొడ్డలి గాటు చెట్టు బతికినంతకాలం అలాగే ఉంటుంది.

ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కొబ్బరికి, తాడికి, పోకకు పెరిగే స్థానం ఒక్కటే. ఆకుల నడుమ, తల లోపల దాగి ఉన్న ఆ లేత భాగాన్నే మొవ్వు అంటారు. ప్రతి కొత్త ఆకూ, ప్రతి పూగుత్తీ అక్కడే రూపుదిద్దుకుంటుంది. ఆకులన్నీ పోయినా మొవ్వు బతికి ఉంటే చెట్టు బతుకుతుంది. ఆకులన్నీ పచ్చగా ఉన్నా మొవ్వు చచ్చిపోతే చెట్టు చచ్చిపోయినట్లే. ఖర్జూరం వంటి కొన్ని చెట్లకు మొదట పిలకలు వస్తాయి గనుక అవి కొంత అదృష్టవంతమైనవి. కొబ్బరికి ఆ అవకాశం కూడా లేదు. కాబట్టి తాళవృక్షాన్ని చలినుండి కాపాడడమంటే దాని మొవ్వును కాపాడడమే.

చలి చేసే హాని

చలివల్ల కలిగే హాని రెండు విధాలు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగినప్పుడు ఆకుల కణజాలంలోని నీరు గడ్డకడుతుంది. మంచు స్ఫటికాలు కణాల పొరలను చీలుస్తాయి. సూర్యోదయమై మంచు కరగగానే ఆకు ఉడికినట్లు వడలి, కొద్ది రోజులలో గోధుమరంగుకు తిరుగుతుంది. ఇది కంటికి కనిపించే హాని.

రెండవది కంటికి వెంటనే కనిపించనిది. కొబ్బరి వంటి చెట్లకు గడ్డకట్టే చలి అవసరం లేదు. పది డిగ్రీలకు దిగువన అనేక రాత్రులు గడిస్తే చాలు, వేళ్ళు నీటిని, పోషకాలను తీసుకొనే శక్తి తగ్గుతుంది. ఆకులు పసుపుబారుతాయి, పిందెలు రాలుతాయి, కొత్త ఆకు రాక ఆలస్యమవుతుంది. కొబ్బరి హాయిగా పెరగడానికి సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు ఉండాలని పరిశోధకులు చెబుతారు. పూగుత్తి మొవ్వులో మొలకెత్తినప్పటి నుండి కాయ ముదిరేవరకు మూడేళ్ళకు పైగా పడుతుంది. అందువల్ల ఒక శీతకాలంలో కలిగిన నష్టం ఆ సంవత్సరంతో తీరిపోదు. అది తరువాతి గెలలలో కూడా కనిపిస్తుంది.

చలికి తడి తోడైతే అపాయం రెట్టింపు అవుతుంది. చలికి దెబ్బతిన్న మొవ్వులో నీరు నిలిస్తే శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు చేరి కుళ్ళిపోజేస్తాయి. చలి తగ్గిన కొన్ని వారాలకు నడిమి ఆకును పట్టి లాగితే అది చేతిలోకి ఊడివస్తుంది. అప్పటికి చెట్టు యజమాని చలికాలం గండం గడిచిందని సంతోషిస్తూ ఉంటాడు. చెట్టు మాత్రం లోపల మరణిస్తూ ఉంటుంది.

ఓర్పులో భేదాలు

తాళకుటుంబంలో సుమారు రెండున్నర వేల జాతులు ఉన్నాయి. వాటన్నిటికీ చలిని ఓర్చే శక్తి ఒకటే కాదు. కొబ్బరి, పోక, నూనెతాడి సున్నితమైనవి. అస్సాం, బీహారు వంటి చోట్ల కొబ్బరి బతుకుతుంది గాని, అక్కడి చలికాలం దాని దిగుబడిని తగ్గిస్తుంది. మన కోనసీమ, ఉద్దానం తీరాలలో అది పొందే సుఖం దానికి అక్కడ లేదు.

తాడి కొబ్బరికన్న గట్టిది. దాని రహస్యం తేగలో ఉంది. తాటి టెంకను పాతరవేస్తే మొలక ముందు పైకి రాదు. నేలలోనికి దిగి, లోతున తేగగా ఊరుతుంది. చలికాలంలో పల్లెలలో తవ్వి, తంపటవేసి తినే తేగ అదే. టెంక లోపల మిగిలే తెల్లని గుజ్జు బుర్రగుంజు. పిల్లలు ఇష్టంగా తినే ఈ తేగను తవ్వకుండా వదిలితే అదే తాటిచెట్టు అవుతుంది. అయితే దాని మొవ్వు కొన్నేళ్ళపాటు నేల లోపలే ఉంటుంది. పైన మంటలు చెలరేగినా, పశువులు ఆకు మేసినా, చలిగాలి వీచినా మొవ్వుకు మట్టి దుప్పటిలా రక్ష. తాడిని వేరొక చోటినుండి తవ్వి తెచ్చి నాటితే బతకడం అరుదు. టెంకనే నాటాలని పెద్దలు చెప్పడంలో ఉన్న అర్థం ఇదే.

ఈత ఇంకా ఓర్పు గలది. శ్రీహరికోట ఇసుకలో కనిపించే ఈతచెట్టు వంశమే ఉత్తర భారత మైదానాలలోను వ్యాపించి ఉంది. బెంగాలులో చలికాలపు తెల్లవారుజామున ఈ చెట్టునుండి రసం తీసి బెల్లం వండుతారు. అక్కడ చలి ఆ చెట్టుకు శత్రువు కాదు, దాని రుచికి మిత్రుడు.

తూర్పు కనుమలలో జీలుగుచెట్టు ఉంది. చేపతోకను పోలిన ఆకులతో, వేలాడే పూలజడలతో మన్యంలోని గిరిజనులకు అది ఎంతో పరిచితమైనది. పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో జీలుగు కల్లు ప్రసిద్ధం. చింతపల్లికి దగ్గరలోని లంబసింగిలో కొన్ని శీతకాలపు రాత్రులు సున్నా డిగ్రీల దరిదాపులకు వెళతాయి. అటువంటి కొండసీమలలో తీరపు కొబ్బరి ఆశించదగింది కాదు, కొండ జీలుగు ఆశించదగింది. జీలుగుకు మరొక విశేషం ఉంది. అది పైనుండి కిందికి వరుసగా పూసి, పూత పూర్తికాగానే జీవితం ముగిస్తుంది. ఇతర తాళవృక్షాల మాదిరిగా ఏటేటా కాయడం దానికి తెలియదు.

విదేశాలలో చలికి పేరెన్నికగన్న తాళం చైనాది. దానిని ట్రాకీకార్పస్ అంటారు. మానుకు ముతక జనపనార వంటి పీచు చుట్టుకొని ఉంటుంది. 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే వృక్షాన్వేషకుడు చైనానుండి పంపిన మొక్కలు ఇంగ్లండులో ఆరుబయట బతికాయి. ముదిరిన చెట్టు సున్నాకు పది డిగ్రీలు దిగువన కూడా నిలువగలదు. దీనికి ముందు ఆ దేశస్థులకు తాళవృక్షమంటే అద్దాల గదిలో చూడవలసిన వస్తువు. లండన్ సమీపంలోని క్యూ ఉద్యానంలో 1844 నుండి 1848 వరకు ఇనుము, గాజులతో నిర్మించిన తాళమందిరం అందుకు నిదర్శనం. సున్నితమైన చెట్టుకోసం మందిరం కట్టడం ఒక మార్గం, ఓర్పు గల చెట్టును వెదకడం మరొక మార్గం. రెండవదే తక్కువ ఖర్చుతో కూడినది.

ఒకే సీమలో వేరువేరు వాతావరణాలు

చలిని అంచనా వేయడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. శ్రీహరికోటకు పడమరగా సాగితే తిరుమల కొండలు, ఆపైన మదనపల్లె సమీపంలో హార్స్‌లీ కొండలు వస్తాయి. హార్స్‌లీ కొండల ఎత్తు 1,200 మీటర్లకు పైన. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పైగా సముద్రం దూరమవుతున్నకొద్దీ రాత్రి చలి పెరుగుతుంది. అందుచేత ఒకే అక్షాంశంపైన ఉన్న రెండు ఊళ్ళలో ఒకటి కొబ్బరికి పుట్టిల్లు, మరొకటి పరాయి ఊరు కావచ్చు. తెలంగాణలోని ఆదిలాబాద్ ప్రాంతంలో శీతకాలపు రాత్రులు మరీ చల్లన. అక్కడ తాడి, ఈత తట్టుకున్నంత ధీమాగా కొబ్బరి తట్టుకోదు.

ఒకే పెరటిలో కూడా ఈ భేదం ఉంటుంది. చల్లని గాలి బరువైనది గనుక పల్లపు నేలలోకి నీటిలా జారి చేరుతుంది. గుంటలో నాటిన మొక్క మంచుకు బలియైతే, పది అడుగుల ఎత్తున మిట్టమీద నాటిన మొక్క నిలుస్తుంది. మనవంటి ఉత్తరార్ధగోళవాసులకు శీతకాలపు సూర్యుడు దక్షిణదిశగా వంగి నడుస్తాడు. కాబట్టి ఇంటికి దక్షిణాన, గోడ దగ్గరగా నాటిన చెట్టుకు ఎండ ఎక్కువ. పగలు వేడెక్కిన రాతిగోడ రాత్రి ఆ వేడిని మెల్లగా విడుస్తుంది. ఉత్తరగాలికి గోడ అడ్డుగా నిలుస్తుంది. ఈ చిన్న చోటు చెట్టుకు ఒక చిన్న శ్రీహరికోట వంటిది.

చలికాలపు సంరక్షణ

చలి పడే చోట తాళవృక్షాన్ని ఆరుబయట పెంచదలచినవారు కొన్ని నియమాలు పాటించాలి.

మొదటిది, నాటే సమయం. చలి వెనుదిరిగిన తరువాతనే నాటాలి. అప్పుడు వేళ్ళకు ఒక వేసవి, ఒక వర్షాకాలం దొరుకుతాయి. చలికాలం ముందు నాటిన మొక్కకు నిలదొక్కుకొనే వ్యవధి ఉండదు. చిన్నమొక్కకన్న ముదిరినది చలిని బాగా ఓర్చుకుంటుంది గనుక మొదటి రెండు మూడు శీతకాలాలు కుండీలోనే పెంచి, రాత్రి లోపలికి చేర్చడం మంచిది.

రెండవది, నేల. నీరు నిలిచే నేలలో తాళవృక్షం చలిని తట్టుకోలేదు. బంకనేల అయితే ఇసుక, పెంట కలిపి మట్టిని గుల్ల చేయాలి. మొదలు చుట్టూ ఎండుటాకులు, గడ్డి, కొబ్బరిపీచు పరిస్తే నేల వెచ్చదనం నిలుస్తుంది. అయితే ఆ కప్పు మానుకు ఆనుకొని ఉండకూడదు.

మూడవది, ఎరువు. నత్రజని ఎరువును చలికాలం ముందు వేస్తే లేత ఆకు వస్తుంది. లేత ఆకే ముందు మాడిపోతుంది. పొటాష్ చెట్టుకు గట్టిదనాన్నిస్తుంది గనుక వర్షాకాలం చివర దానిని అందించాలి.

నాలుగవది, కప్పడం. చలిరాత్రులు వస్తున్నాయని తెలిసినప్పుడు ఆకులను పైకెత్తి వదులుగా కట్టాలి. మొవ్వు చుట్టూ ఎండుగడ్డి పెట్టి, మానునూ తలనూ గోనెపట్టాతో చుట్టాలి. వర్షం లోపలికి జారకుండా పైన ఒక మూత ఉండాలి. ప్లాస్టిక్ కాగితాన్ని నేరుగా చుడితే లోపల చెమ్మ పట్టి కుళ్ళు పుడుతుంది. ఎండ వచ్చిన పగళ్ళలో చుట్టును విప్పి గాలి తగలనివ్వాలి.

అయిదవది, ఓపిక. మాడిన ఆకులను వెంటనే నరకకూడదు. అవి ఎండినా మొవ్వుకు గొడుగువలె నిలుస్తాయి. చలి పూర్తిగా వెళ్ళిన తరువాత మొవ్వును పరీక్షించాలి. కుళ్ళు కనిపిస్తే ఆ భాగాన్ని శుభ్రంగా తొలగించి, బోర్డో ముద్ద పూసి, కొత్త ఆకు వచ్చేవరకు వాన తగలకుండా కప్పాలి. మైలతుత్తం, సున్నం కలిపి చేసే ఈ మందును మన కొబ్బరి రైతులు మొవ్వుకుళ్ళు తెగులుకు వాడుతూనే ఉన్నారు.

నేర్పిన అనుభవాలు

మొవ్వు పోతే ఏమవుతుందో తెలుగు నేల వందేళ్ళ కిందటే చవిచూసింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో గోదావరి ప్రాంతపు తాటితోపులలో మొవ్వుకుళ్ళు తెగులు వ్యాపించింది. అప్పటి ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ. జె. బట్లర్ దానిని పరిశోధించాడు. మొవ్వులో మొదలైన కుళ్ళు చెట్టును చంపుతున్నదని, తడి దానికి తోడవుతున్నదని తేలింది. తెగులు సోకిన చెట్ల తలలను నరికి తగలబెట్టడం తప్ప మరో మార్గం అప్పటికి లేకపోయింది. తాటాకు కప్పుగా, తాటిబెల్లం తిండిగా, తాటికల్లు జీవనోపాధిగా ఉన్న కుటుంబాలకు అది ఎంత నష్టమో ఊహించవచ్చు. వేపచెట్టు కొమ్మ నరికితే నాలుగు కొమ్మలు వస్తాయి. తాటి తల నరికితే మిగిలేది మోడు.

విదేశంలోని ఉదాహరణ ఇటీవలిది. ఉపాధి కోసం అమెరికా వెళ్ళిన తెలుగువారిలో వేలాదిమంది టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. అక్కడి వేసవి రాయలసీమను తలపిస్తుంది. ఆ రాష్ట్రపు నగరాలలో వీధుల వెంట, ఇళ్ళముందు తాళవృక్షాలు విరివిగా నాటారు. 2021 ఫిబ్రవరి 16న డల్లస్‌లో ఉష్ణోగ్రత సుమారు −19 డిగ్రీలకు పడిపోయింది. ఆ వారంలో మెక్సికో నుండి తెచ్చి నాటిన ఎత్తైన వాషింగ్టోనియా చెట్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఆ ప్రాంతపు దక్షిణ భాగాన సహజంగా పెరిగే సబల్ తాళం మాత్రం ఎక్కువగా కోలుకుంది. ఎన్నో సంవత్సరాలు సుఖంగా పెరిగిన చెట్టు ఒక్క వారపు చలికి పోయింది. చెట్టును ఎన్నుకోవలసింది మామూలు చలికాలాన్ని చూసి కాదు, ఆ ఊరు చూసిన అతి కఠినమైన రాత్రిని చూసి అని ఈ సంఘటన నేర్పుతుంది.

చలిలేని చోట తాళవృక్షానికి కష్టాలు లేవని అనుకోకూడదు. 1984 నవంబరులో ఒక తీవ్ర తుపాను శ్రీహరికోట సమీపంలో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానాన్ని తాకి, కొబ్బరితోటలను నేలకూల్చింది. పొడవురకం కొబ్బరి నాటిన తరువాత కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఒక రాత్రిలో కూలిన తోటను మరల నిలబెట్టడానికి రైతుకు అంతకాలం కావాలి. ఆ కాలమంతా అతని ఇల్లు ఎలా గడుస్తుందన్నదే అసలు ప్రశ్న. చలి అయినా గాలి అయినా తాళవృక్షానికి రెండవ అవకాశం ఇవ్వవు. దానిని పెంచినవారికీ ఇవ్వవు.

ముగింపు

రాకెట్లను ఎగురవేయడానికి శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారు? తూర్పున విశాలమైన సముద్రం ఉంది. భూమధ్యరేఖకు చాలవరకు దగ్గర గనుక భూభ్రమణం రాకెట్టుకు కొంత వేగాన్ని అందిస్తుంది. అంటే స్థలం ఇచ్చే సహాయాన్ని ముందు గుర్తించి, ఆపైన దానికి తగినట్లుగా పని ప్రారంభించారు. తాళవృక్షాన్ని పెంచేవారు చేయవలసిందీ అదే. చలి ప్రదేశంలో కొబ్బరి కావాలని పట్టుబట్టడం కన్న, ఆ చలిని ఓర్చే ఈతనో జీలుగునో ఎంచుకోవడం తెలివైన పని. కొబ్బరే కావాలంటే దానికి ఎండ, గోడ, గుల్లనేల, గోనెపట్టా సమకూర్చే బాధ్యత స్వీకరించాలి.

దూరదేశంలో స్థిరపడిన ఒక కుటుంబం ఇంటిముందు తాటాకు నీడ కోరుకోవడంలో తప్పు లేదు. ఆ చెట్టులో వారికి తమ ఊరు కనిపిస్తుంది. కాని చెట్టుకు ఊరు జ్ఞాపకం ఉండదు. దానికి తెలిసింది ఒక్కటే, మొవ్వుకు తగిలే వెచ్చదనం. ఆ వెచ్చదనాన్ని ఇవ్వగలమా లేదా అని నాటేముందే ఆలోచించినవారి పెరటిలో ఆ చెట్టు నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

తాళవృక్షం – తాటిచెట్టు, ఆ జాతికి చెందిన చెట్టు
సతతహరితం – ఎల్లప్పుడూ పచ్చగా ఉండేది
వంటచెరకు – వంటకు వాడే కట్టెలు
ఏకదళబీజం – ఒకే బీజపత్రం గల విత్తనం నుండి పుట్టే మొక్క
మొవ్వు – చెట్టు తలలోని లేత పెరుగుదల స్థానం
తేగ – తాటి టెంక మొలకెత్తగా నేలలో ఊరే దుంప వంటి భాగం
తంపటవేయు – మంటలో, నిప్పులలో ఉడికించు
శిలీంధ్రం – బూజుజాతి జీవి
పిలక – మొదటినుండి పక్కగా పుట్టే మొక్క
మైలతుత్తం – రాగినుండి తయారయ్యే నీలిరంగు లవణం
మోడు – తల లేని చెట్టు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానాలు రాయండి.

1. శ్రీహరికోట ఏయే జలాల నడుమ ఉంది?
2. అమరకోశం తాటిచెట్టును ఏమని పేర్కొన్నది?
3. కొబ్బరికి అనువైన సగటు ఉష్ణోగ్రత ఎంత?
4. క్యూ ఉద్యానంలోని తాళమందిరాన్ని ఏ సంవత్సరాలలో నిర్మించారు?
5. బోర్డో ముద్దలో కలిపే పదార్థాలేవి?

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.

1. తాళవృక్షానికీ వేపచెట్టుకూ కాండం నిర్మాణంలో గల భేదమేమి?
2. తాటిమొలక చలినీ మంటనూ ఎట్లా తట్టుకుంటుంది?
3. ఒకే పెరటిలో చలి ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా ఉండడానికి కారణాలేవి?
4. మాడిన ఆకులను వెంటనే నరకకూడదని ఎందుకు చెబుతారు?

ఇ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. చలి ప్రదేశాలలో తాళవృక్షాలను పెంచడంలో పాటించవలసిన నియమాలను వివరించండి.
2. 'తాళవృక్షాన్ని కాపాడడమంటే దాని మొవ్వును కాపాడడమే' – పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. తాటి తల నరికితే మిగిలేది మోడు.
2. చెట్టుకు ఊరు జ్ఞాపకం ఉండదు.

ఉ) వ్యాకరణాంశాలు

సంధులు: కింది పదాలను గమనించండి.
బంగాళాఖాతం = బంగాళ + అఖాతం – సవర్ణదీర్ఘసంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
చిట్టీత = చిట్టి + ఈత – ఇత్వసంధి
తాటాకు, సోదాహరణం, ఎండుటాకులు – ఈ పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.

సమాసాలు:
తృణరాజు – తృణములకు రాజు – షష్ఠీ తత్పురుష సమాసం
దక్షిణదిశ – దక్షిణమనే దిశ – సంభావనా పూర్వపద కర్మధారయం
చెట్టుకొమ్మ, తాళవృక్షం, వాన-గాలి – వీటికి విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు గుర్తించండి.

ఊ) ప్రాజెక్టు పని

మీ ఊరిలో పెరిగే తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు వంటి తాళజాతి చెట్లను గుర్తించండి. ఒక్కొక్కదాని మొవ్వు, ఆకు, మాను ఎట్లా ఉన్నాయో పరిశీలించండి. వాటివల్ల ఎవరెవరికి జీవనోపాధి కలుగుతున్నదో ఇంటి పెద్దలను, చెట్టెక్కే గీతకార్మికులను అడిగి తెలుసుకొని ఒక నివేదిక రాయండి.